బడికి పెద్ద తెర కొనాలా, ట్యాబ్‌లు కొనాలా, స్పీకరు చాలా? విశాఖలో ఒక ప్రాథమిక పాఠశాల టీచరు వేసుకున్న లెక్క

మా బడిలో చదువుకుని ఇప్పుడు షిప్‌యార్డులో, పోర్టులో, మధురవాడ ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న పాత విద్యార్థులు కొందరు గత వేసవిలో వచ్చి కలిశారు. తలా కొంత వేసుకుని లక్షన్నర రూపాయలు పోగేశారట. "టీచర్, పిల్లలకు పనికొచ్చే టెక్నాలజీ ఏదైనా కొందాం, ఏది కొనమంటారో మీరే చెప్పండి" అన్నారు. ఒకరు పెద్ద టచ్ తెర అన్నారు. ఇంకొకరు ట్యాబ్‌లు అన్నారు. మరొకరు ఏకంగా కంప్యూటర్ గది పెట్టేద్దామన్నారు. నేను వారం గడువు అడిగాను.

ఇరవై ఏళ్లకు పైగా ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకే చెబుతున్నాను. ఈ వస్తువుల్లో చాలావాటిని వాడాను. ఎంతో సంబరంగా కొన్నవి ఏడాది తిరగకుండా బీరువాలోకి వెళ్లిపోవడమూ చూశాను. ఆ వారంలో నేను వేసుకున్న లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మీ బడికి దాత దొరికినా, తల్లిదండ్రుల కమిటీ దగ్గర కొంత డబ్బున్నా, మీరే చిన్న ప్రైవేటు స్కూలు నడుపుతున్నా పనికొస్తుంది.

వస్తువు ఏదైనా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. అది నడుస్తున్న పది నిమిషాలూ పిల్ల ఏం చేస్తుంది? చూస్తూ కూర్చుంటుందా, చదువుతుందా, మాట్లాడుతుందా, చేత్తో ఏదైనా చేస్తుందా? ఏడేళ్ల పిల్లకు తెర వైపు చూడడం చాలా తేలిక. నోరు తెరిచి ఒక వాక్యం పైకి చదవడం కష్టం. మనం పెట్టే డబ్బు ఆ కష్టమైన చోట సాయపడాలి.

ఈ మాట నా ఒక్కదాని అనుభవం కాదు. మన పల్లె బడుల్లోకి టీవీ 1975లోనే వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది పాటు, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు ప్రసారం చేశారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. అంటే తెర మీద పాఠం యాభై ఏళ్ల నాటి సంగతి. పెరూ దేశం 8 లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు కొని పిల్లలకు పంచింది. 2012లో వచ్చిన పరిశీలనలో లెక్కల్లో, చదవడంలో మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. మరోవైపు ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలతో చేసిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడినీ వాడి అసలు స్థాయి దగ్గర నుంచి మొదలుపెట్టించింది. బడి అయ్యాక నడిచిన ఆ సెంటర్లలో దాంతో పాటు చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చెప్పే మనిషీ ఉన్నారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో మంచి తేడా వచ్చింది. రెండు చోట్లా యంత్రాలున్నాయి. పిల్లవాడితో చేయించిన పని వేరు.

పెద్ద తెరలు: టీవీ, ప్రొజెక్టర్, టచ్ ప్యానెల్

మన రాష్ట్రంలో బడుల బాగుకోసం ప్రభుత్వం పెట్టిన నాడు-నేడు పథకం రెండో దశలో ఆరో తరగతి నుంచి పైవాళ్లకు టచ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. మీ బడిలో ఇప్పటికే ఒక టీవీ పనిచేస్తుంటే, ఈ భాగం పైపైన చూసి కిందికి వెళ్లిపోండి. రెండో తెర మీద డబ్బు పెట్టకండి.

ఏమీ లేని బడి అయితే స్మార్ట్ టీవీయే నా ఓటు. 43 అంగుళాలది పాతిక, ముప్పై వేలకు దొరుకుతుంది. 55 అంగుళాలకు ఇంకో పదిహేను వేలు వేసుకోండి. ప్రొజెక్టర్ బొమ్మ ఇంతకంటే పెద్దది, నిజమే. కానీ మన ఊళ్లో పగటి వెలుతురు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకప్పుడు నేను పనిచేసిన బడిలో తరగతి గది తూర్పు ముఖం, కిటికీలు సముద్రం వైపు. మార్చిలో ఒకరోజు పొద్దున పదకొండింటికి ప్రొజెక్టర్ వేసి నదుల పటం చూపించాను. గోదావరి ఎక్కడుందో నాకే కనిపించలేదు. గోడ మీద పాలు ఒలికినట్టు ఒక తెల్ల మరక, అంతే. కిటికీలకు దుప్పట్లు కట్టాం. గదిలో గాలి ఆగిపోయింది, ముప్పై మంది పిల్లలు చెమటతో తడిసిపోయారు. పది నిమిషాల్లో దుప్పట్లు తీసేసి, నల్లబల్ల మీద సుద్దతో గోదావరి గీశాను. నల్లని తెరలు, ఏసీ ఉన్న గది ఉంటే తప్ప ప్రొజెక్టర్ జోలికి వెళ్లొద్దు.

టచ్ ప్యానెల్ గురించి ఎక్కువ చెప్పను. 65 అంగుళాలది లక్ష దాటుతుంది. దాన్ని ఒకేసారి ముట్టుకోగలిగేది ఒకరిద్దరు పిల్లలు, మిగతా ముప్పై మందికి అది టీవీయే. హైస్కూల్లో జామెట్రీ చెప్పే మాస్టారికి ఎంతో ఉపయోగం. రెండో తరగతికి అంత ఖరీదు అవసరం లేదు. ఇంకో జాగ్రత్త కూడా చెబుతాను. ఒక బడిలో ప్యానెల్‌తో పాటు కంపెనీ వాళ్ల పాఠాలు మూడేళ్ల లైసెన్సుకు ఇచ్చారు. గడువు అయిపోయిన రోజు పాఠాలన్నీ తాళం పడ్డాయి. టీచర్లు అప్పటిదాకా వాటి చుట్టూనే పాఠ ప్రణాళికలు రాసుకున్నారు. ఏది కొన్నా, "నాలుగో ఏడు ఇది డబ్బు కట్టకుండా పనిచేస్తుందా?" అని అడిగి, ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.

టీవీ సైజు షాపులో తేల్చుకోకండి. తరగతి గదిలో చివరి బెంచీ నుంచి గోడ దాకా టేపుతో కొలవండి. ఒక కాగితం మీద మూడు సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలతో రెండు వరుసలు రాసి గోడకు అంటించి, చివరి బెంచీ పిల్లతో చదివించండి. తడుముకుంటే అక్షరం పెంచండి. ఆ అక్షరాలతో ఐదారు వరుసలు పట్టే తెర మీకు కావలసిన సైజు. తెలుగుకు ఇది మరీ ముఖ్యం. ఒత్తులూ గుడులూ ఉన్న మాట చిన్న సైజులో నల్ల చుక్కలా కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు చదవగలిగిన దూరం నుంచి 'స్వాతంత్ర్యం' చదవలేరు.

మరి పెద్ద తెర నిజంగా ఎప్పుడు ఉపయోగపడుతుంది? అందరూ ఒకే దాన్ని చూసి వాదించుకోవాల్సినప్పుడు. మా నాలుగో తరగతి వాళ్లకు గూగుల్ ఎర్త్‌లో మన ఊరు తెరిచాను. ముందు డాల్ఫిన్స్ నోస్ కొండ దొరికింది. దాని పక్కనుంచి నీళ్లు లోపలికి పాములా వెళ్లడం చూసి "అదే హార్బర్ కాలవ, మా నాన్న అక్కడే పని చేస్తాడు" అని ఒకడు లేచి నిలబడ్డాడు. తర్వాత మన కుళాయి నీళ్లు ఎక్కడివని అడిగాను. సముద్రం అన్నవాళ్లున్నారు, ట్యాంకరు అన్నవాళ్లున్నారు. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ చూపించి, అక్కడి నుంచి మా బడి దాకా దారి ఎటు అయ్యుంటుందో వేళ్లతో గీయమన్నాను. ఆ పీరియడ్‌లో నేను మాట్లాడింది తక్కువ. వీడియో పెట్టి ఊరుకుంటే ఇలా జరగదు. తెర అదే, టీవీ అదే, పిల్లల పని మారిపోయింది.

టీవీ ఉన్నవాళ్లు దానికి జత చేయాల్సింది

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే వస్తువు ఏదంటే డాక్యుమెంట్ కెమెరా అంటాను. టేబుల్ మీద నిలబెట్టే చిన్న కెమెరా ఇది. కింద ఏది పెడితే అది టీవీ మీద పెద్దగా కనిపిస్తుంది. ఐదు నుంచి పది వేల మధ్య దొరుకుతుంది. అంత కూడా వద్దనుకుంటే స్టాండుకు బిగించిన ఫోన్‌ని టీవీకి కలిపి అదే పని చేయొచ్చు, కాస్త ఓపిక కావాలి.

మందార పువ్వును బ్లేడుతో నిలువుగా కోసి దాని కింద పెట్టండి. పుప్పొడి గింజలు ఇసుక రేణువుల్లా కనిపిస్తాయి. పుస్తకంలో బొమ్మ చూపిస్తే ముందు వరుస మాత్రమే చూస్తుంది, ఇక్కడ గదంతా చూస్తుంది. కానీ నేను దాన్ని ఎక్కువగా వాడేది పిల్లల నోటు పుస్తకాలకే. డిక్టేషన్‌లో 'విశాఖపట్నం' చెప్పాను. ముప్పై రెండు మందిలో కొందరు ట కింద ట ఒత్తు ఇచ్చారు, కొందరు న కింద ట ఒత్తు ఇచ్చారు, ఇద్దరు ఒత్తే వదిలేశారు. పేర్లు కనిపించకుండా నాలుగు పుస్తకాలు కెమెరా కింద పెట్టి, ఏది ఎలా పలకాలో పైకి చదవమన్నాను. రాసింది రాసినట్టు పలికేసరికి వాళ్లకే తెలిసిపోయింది. ఎర్ర సిరా పెన్నుతో నేను దిద్దితే పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తారు. ఇలా చూసి, విని, తామే దిద్దుకున్న తప్పు మళ్లీ చేయరు.

ట్యాబ్‌లు: ఎన్ని, ఎవరికి

పిల్లకొక ట్యాబ్ అనే ఆలోచన ప్రాథమిక బడికి వద్దు. ఒక్కోటి పది నుంచి పదిహేను వేలు. ముప్పై కొంటే మూడు నుంచి నాలుగున్నర లక్షలు. పైగా ముప్పై మంది ఏడేళ్ల పిల్లల చేతుల్లో ముప్పై తెరలుంటే టీచరు పీరియడంతా పాస్‌వర్డులు కొట్టడంలోనే గడిచిపోతుంది. తరగతికి ఆరు నుంచి ఎనిమిది చాలు. గదిలో ఒక మూల వాటికి కేటాయించండి. ఎనిమిది మంది అక్కడ పదిహేను నిమిషాలు పని చేసుకుంటారు. మిగతావాళ్లలో కొందరు రాసుకుంటారు, కొందరు టీచరు దగ్గర గుండ్రంగా కూర్చుని చదువుతారు. తర్వాత గుంపులు మారతాయి. ట్యాబ్‌ల వల్ల నాకు దొరికిన అసలు లాభం ఇదే: వెనకబడిన ఎనిమిది మందితో ఎవరూ అడ్డుపడకుండా పదిహేను నిమిషాలు కూర్చోగలగడం.

అంగన్‌వాడీ, ఎల్‌కేజీ వయసు వాళ్లకు ట్యాబ్‌లు అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజు మొత్తం మీద గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట ఇంట్లో ఫోన్‌తోనే అయిపోతోంది. బడిలో వాళ్లకు ఇసుక, చింతపిక్కలు, పాటలు కావాలి.

ట్యాబ్‌లో ఏం పెట్టాలన్నది కొనడం కంటే పెద్ద ఎంపిక. చదవడం నేర్పడానికి గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ యాప్ నాకు బాగా పనికొచ్చింది. 2019లో బోలో అనే పేరుతో మన దేశంలోనే మొదలైంది. తెలుగు కథలున్నాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా వింటుంది. పిల్ల పైకి చదువుతుంటే సరిగ్గా చదివిన మాట రంగు మారుతుంది, తడబడితే ఆగి సాయం చేస్తుంది. మూడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నా ఎదురుగా అసలు నోరు విప్పేది కాదు. ట్యాబ్‌తో మొదటి రోజు 'ఏనుగు' దగ్గర ఆగిపోయింది. "ఇదేటి టీచర్, నన్ను మళ్లీ సదవమంటంది" అని కంప్లైంట్ చేసింది. అయినా చదివింది. ఐదుసార్లు. మూడోసారికి గొంతు పెరిగింది, ఐదోసారికి పక్క పిల్లలు తిరిగి చూశారు. తను తప్పు చదివినా ఎవరూ నవ్వని చోటు దానికి దొరికింది. అయితే ఆ యంత్రం మా ఉత్తరాంధ్ర యాసను ఒక్కోసారి పట్టుకోలేదు. పిల్ల సరిగ్గానే చదివినా తప్పంటుంది. అప్పుడు పక్కన టీచరు లేకపోతే, తప్పు తనదే అనుకుని పిల్ల మళ్లీ ముడుచుకుపోతుంది. ఆ మూలకు చెవి ఒగ్గి ఉండండి.

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు చూడండి. 2015 నుంచి ఉంది. స్థాయిల వారీగా వందల తెలుగు కథలు ఉచితం, ప్రింటు తీసుకోవడానికీ పిల్లలకు పంచడానికీ అనుమతి ఉంది. తెర మీద కంటే ప్రింటు తీసి కుట్టిన చిన్న పుస్తకాల రూపంలోనే నేను దాన్ని ఎక్కువ వాడాను. పాఠ్యపుస్తకాల మీద ఉండే క్యూఆర్ కోడ్‌లు దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికకు తీసుకెళతాయి. అది 2017లో వచ్చింది. వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. బడికి రాలేకపోయిన పిల్ల ఇంట్లో పాఠం అందుకోవడానికి అది మంచిది. తరగతిలో మాత్రం వీడియో మూడు నిమిషాలకు ఒకసారి ఆపి, "ఇప్పుడు ఏమవుతుంది?" అని అడిగితేనే పని చేస్తుంది.

చేత్తో చేసే పనులకు స్క్రాచ్ జూనియర్ అనే కోడింగ్ యాప్ ఉంది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకోసం చేశారు. బ్లాకుల మీద మాటలకు బదులు బొమ్మలే ఉంటాయి కాబట్టి అక్షరాలు రాని పిల్లవాడూ పిల్లి బొమ్మను నడిపించి, గెంతించి, తన గొంతు రికార్డు చేసి మాట్లాడించగలడు. పాత ల్యాప్‌టాప్‌లు ఎవరైనా ఇస్తే జీకాంప్రీ అనే సాఫ్ట్‌వేర్ వేయండి. ఉచితం, నెట్ అక్కర్లేదు, వందకు పైగా చిన్న ఆటలు, లెక్కలు ఉంటాయి.

ఆటల పేరుతో నాణేలూ నక్షత్రాలూ కురిపించే యాప్‌లు చాలా ఉన్నాయి. పిల్లలు వదలరు, తల్లిదండ్రులకు ముచ్చటగా ఉంటుంది. కొనే ముందు మీరే కూర్చుని కావాలని అన్నీ తప్పు నొక్కి చూడండి. తప్పు నొక్కుతూ పోయినా ముందుకు పంపే యాప్ పిల్లకు ఏమీ నేర్పదు. అలాగే పిల్లల పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు అడిగే యాప్ అయితే ఆగండి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. నేను పిల్లల పేర్ల బదులు రోల్ నంబరుతో ఖాతాలు తెరుస్తాను.

ఏఐ చాట్‌ల గురించి కూడా ఈమధ్య అందరూ అడుగుతున్నారు. టీచరు వర్క్‌షీట్లు తయారు చేసుకోవడానికి, ఒకే లెక్కను నాలుగు స్థాయిల్లో రాయించుకోవడానికి సమయం కలిసొస్తుంది. తెలుగు మాత్రం ప్రతి వాక్యం దిద్దుకోవాలి. పిల్లల చేతికి ఇవ్వొద్దు. చాట్‌జీపీటీ నిబంధనల్లోనే 13 ఏళ్ల లోపు వాళ్లకు కాదని ఉంది.

అందరూ చిన్నచూపు చూసేది: శబ్దం

నేను పాత విద్యార్థులకు మొదట చెప్పింది స్పీకరు. వాళ్లు ఆశ్చర్యపోయారు. మూడు వేల రూపాయల బ్లూటూత్ స్పీకరు, రికార్డు చేయగల ఒక మామూలు ఫోన్. రెండూ కలిపి ఒక ట్యాబ్ ఖరీదు కాదు.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. చదవడానికి అది మంచి వసతే, కానీ ఆ ఇంగ్లిష్ పేజీ ఎలా వినిపించాలో వాళ్లకు చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. రోజూ ఒక చిన్న కథ వినిపించి, ఒక్కో వాక్యం ఆపి పలికిస్తే చెవి అలవాటు పడుతుంది. దీనికి తెర అక్కర్లేదు. నిజానికి తెర లేకపోతేనే బాగా వింటారు.

రికార్డింగ్ ఇంకా గొప్పది. మా బడికి జాలరిపేట పిల్లలు వస్తారు. పరిసరాల విజ్ఞానంలో 'మన ఆహారం' వచ్చినప్పుడు, ఫోన్ ఇచ్చి ఇంట్లో పెద్దవాళ్లను చేపల గురించి అడిగి రికార్డు చేసుకురమ్మన్నాను. ఐదో తరగతి పిల్లవాడొకడు తాతను కూర్చోబెట్టాడు. ఆరు నిమిషాల రికార్డింగ్. వెనకాల కెరటాల చప్పుడు, మధ్యలో ఎవరో వల గురించి కేకేయడం, కోడి కూత. తాత వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్లు వరసగా చెబుతూ, ఏది ఏ కాలంలో పడుతుందో, ఏది ఎండబెడితే నిలుస్తుందో చెప్పాడు. తరగతిలో వినిపించాను. తర్వాత పిల్లలు అది విని రాయాలి. అక్కడ మొదలైంది అసలు చదువు. 'నెత్తళ్లు'కి ళ్ల ఒత్తు ఎలాగో ఎవరికీ తెలియదు. వెనక్కి తిప్పి తిప్పి విన్నారు. ఒకడు 'సందువ' అని రాశాడు. "మా తాత అలాగే అన్నాడు టీచర్" అన్నాడు. రెండూ బల్ల మీద రాసి, మాట్లాడేటప్పుడు ఇది, పుస్తకంలో ఇది అని చెప్పాను. చివరికి ఎనిమిది పేజీల చేతిరాత పుస్తకం తయారైంది. బొమ్మలు వాళ్లే వేశారు. ఆ తాత బడికి వచ్చి చూసి, ఒక చేప మొప్పలు తప్పుగా వేశారని చూపించి మరీ దిద్దించాడు.

దీని సాంకేతికత అంతా ఒక ఫోన్‌లో ఉన్న రికార్డర్ బొత్తం. పిల్ల అడిగింది, విన్నది, రాసింది, గీసింది.

సముద్రం పక్క ఊరు కాబట్టి

సముద్రానికి దూరంగా ఉన్న బడికి అక్కర్లేని జాగ్రత్తలు మనకు కొన్ని ఉన్నాయి. ఉప్పు గాలి వస్తువుల కనెక్షన్లను తినేస్తుంది. బీచ్‌కి దగ్గర బడుల్లో టీవీ వెనక కేబుల్ దూర్చే చోట పచ్చగా చిలుము పట్టడం నేను చూశాను. టీవీకి గుడ్డ కవరు కుట్టించండి, ప్లాస్టిక్ వద్దు, లోపల తేమ పడుతుంది. వాడని వస్తువు త్వరగా పాడవుతుంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా బడి మూతపడుతుంది కదా, ఆ సెలవుల్లో వారానికోసారి ఎవరైనా వచ్చి టీవీ అరగంట వేయాలి. ట్యాబ్‌లను సగం ఛార్జింగ్‌తో స్టీలు బీరువాలో నీడ పట్టున పెట్టండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని రెండు నెలలు వదిలేస్తే జూన్‌లో లేవకపోవచ్చు.

కరెంటు పని ముందు చేయించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించకుండా ఏ యంత్రమూ పెట్టొద్దు. పిల్లలు తడి చేతులతో ముట్టుకుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అంత తుపాను ప్రతి ఏడూ రాదు, కానీ వానాకాలం మధ్యాహ్నాలు నెట్ పోవడం మామూలే. అందుకే నేను నెట్ లేకుండా నడిచేదాన్నే ఎంచుకుంటాను. బడికి వైఫై పెట్టించే నెలవారీ ఖర్చు బదులు, టీచరు ఇంట్లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే సరిపోతుంది.

హెడ్‌ఫోన్లు కొంటే చెవి మీద ఆనేవి, తుడవడానికి వీలైన రెగ్జిన్ మెత్తలవి కొనండి. వైరువి మేలు, పోవు, ఛార్జింగ్ అక్కర్లేదు. పేలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి కాబట్టి గుంపు మారిన ప్రతిసారీ తుడవాలి. ఆ పని ఐదో తరగతి పిల్లలిద్దరికి అప్పగించాను, శ్రద్ధగా చేస్తున్నారు.

లక్షన్నరను నేను పంచిన తీరు

మాకు టీవీ ఉంది. కాబట్టి ఎనిమిది ట్యాబ్‌లకు 96 వేలు, డాక్యుమెంట్ కెమెరాకు 8 వేలు, రెండు స్పీకర్లకు 6 వేలు, హెడ్‌ఫోన్లకు మరో 6 వేలు, ఛార్జింగ్ బోర్డు బిగించిన స్టీలు బీరువాకు 10 వేలు, కథల ప్రింటింగుకు 10 వేలు అని రాసిచ్చాను. మిగిలిన 14 వేలు బ్యాంకులో రిపేర్ల కోసం. ఈ చివరి అంకె దగ్గర వాళ్లు కాస్త వెనకాడారు. ఇచ్చిన డబ్బంతా కంటికి కనిపించే వస్తువుగా మారాలని దాతలకు ఉంటుంది, అది సహజం. కానీ పగిలిన తెర మార్చడానికి మూడు వేలు లేక పన్నెండు వేల ట్యాబ్ మూలపడిన బడులు ఉన్నాయి. ఆ మాట చెప్పాక ఒప్పుకున్నారు.

టీవీ లేని బడి అయితే ఇదే డబ్బుతో 50 అంగుళాల టీవీ, కెమెరా, స్పీకరు, నాలుగు ట్యాబ్‌లు తీసుకోండి. పాతిక వేలే ఉంటే స్పీకరు, రికార్డింగ్‌కు ఒక ఫోన్, మిగతా అంతా ప్రింటు చేసిన కథల పుస్తకాలు. మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలని 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ పేరుతో లక్ష్యం పెట్టింది. చదవడం రాని పిల్లలు సగం మంది ఉన్న తరగతికి కోడింగ్ ట్యాబ్‌ల కంటే ఆ పుస్తకాలే ముందు. కంప్యూటర్ గది ఆలోచన హైస్కూలుకు వదిలేయండి. వారానికి ఒక పీరియడ్ వెళ్లి వచ్చే గది కంటే, రోజూ చేతికి అందే మూల మా వయసు పిల్లలకు మేలు.

కొనడానికి వెళ్లేటప్పుడు వాడబోయే టీచర్లు కూడా వెంట వెళ్లండి. మా వాళ్లు డాబాగార్డెన్స్‌లో మూడు షాపులు తిరిగారు. స్పీకర్లు షాపులో అన్నీ గట్టిగానే వినిపించాయి. యజమానిని అడిగి రెండు మోడళ్లు బడికి తెచ్చి, నాలుగు ఫ్యాన్లూ వేసి, కిటికీలు తెరిచి, ముప్పై మంది పిల్లలను కూర్చోబెట్టి ఒక కథ వినిపించాం. ఒకటి చివరి వరుసకు అందలేదు. రెండోది పెట్టినప్పుడు చివరి బెంచీలో కూర్చున్న పిల్ల కథలోని నక్క మాటను నక్కలాగే తిరిగి పలికింది. దానికే డబ్బు కట్టాం.